మేఘం ఇక్కడ.. నీడ లకడీకాపూల్‌లో

చలికాలం ఉదయం పదిన్నర గంటల వేళ మొజంజాహీ మార్కెట్ గడియార స్తంభం నీడ వాయవ్య దిక్కుగా వాలి ఉంటుంది. ఏడో నిజాం పాలనలో 1935లో గ్రానైటు రాతితో నిర్మించిన ఆ కట్టడం నీడ ఎంతవరకు సాగిందో కూడలిలో నిలబడినవారికి ఇట్టే తెలుస్తుంది. నడినెత్తిన పోయే మేఘం నీడ ఎక్కడ పడిందో మాత్రం తెలియదు. ఉపగ్రహ చిత్రాలను పరిశీలించే నిపుణులకు నిత్యం ఎదురయ్యే చిక్కు ఇదే.

బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) షాద్‌నగర్ భూకేంద్రం ద్వారా ఉపగ్రహ సమాచారాన్ని అందుకుంటుంది. 2016లో ప్రయోగించిన రిసోర్స్‌శాట్-2ఎ స్థానిక కాలమానం ప్రకారం ఉదయం పదిన్నరకు భూమధ్యరేఖను దాటేలా కక్ష్యను నిర్ణయించారు. డిసెంబరులో ఆ వేళకు హైదరాబాద్‌లో సూర్యుడు ఆగ్నేయాన సుమారు 44 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు మార్కెట్‌పై రెండు కిలోమీటర్ల ఎత్తున నిలిచిన మేఘం నీడ దాదాపు అంతే దూరం జరిగి లకడీకాపూల్ ప్రాంతంలో పడుతుంది. జూన్‌లో సూర్యుడు 68 డిగ్రీల వరకు పైకి వస్తాడు గనుక అదే మేఘం నీడ పడమటికి కిలోమీటరు లోపే ఆగిపోతుంది.

నీడా? నీరా?

మేఘం తెల్లగా మెరుస్తుంది గనుక దానిని గుర్తించడం కొంత తేలిక. నీడ సంగతి వేరు. సమీప పరారుణ కాంతిలో పచ్చని పైరు మెరుస్తుంది, నీరు నల్లగా కనిపిస్తుంది. నీడ పడిన నేల కూడా నల్లబడుతుంది. హుస్సేన్‌సాగర్ ఎక్కడుందో అందరికీ తెలుసు, అక్కడ పొరబడినా సరిదిద్దుకోవచ్చు. ఖరీఫ్‌లో వరద వచ్చినప్పుడు అలా కుదరదు. నీడను నీరని లెక్కిస్తే మునగని పొలం మునిగినట్లు నమోదవుతుంది. నీటిని నీడగా భావించి కొట్టివేస్తే నిజంగా మునిగిన రైతు పొలం లెక్కలోకే రాదు. రెండో పొరపాటే పెద్దది.

ఈ చిక్కును విడదీయడానికి మేఘాన్నే ఆనవాలుగా పట్టుకుంటారు. చిత్రం తీసిన క్షణంలో సూర్యుడు ఏ దిక్కున, ఎంత ఎత్తున ఉన్నాడో ముందే తెలుసు. తెలియనిది మేఘం ఎత్తు ఒక్కటే. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఝె ఝూ, కర్టిస్ వుడ్‌కాక్ 2012లో ప్రకటించిన ‘ఎఫ్‌మాస్క్’ పద్ధతి అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్ కొలిచిన ఉష్ణోగ్రత ఆధారంగా ఆ ఎత్తును అంచనా వేస్తుంది. మేఘం పైభాగం ఎంత చల్లగా ఉంటే అంత ఎత్తున ఉన్నట్లు. ఆపై మేఘం ఆకారాన్ని నీడ దిశలో జరుపుతూ, నల్లని మచ్చతో ఎక్కడ అతుకుతుందో చూస్తారు.

రిసోర్స్‌శాట్‌లోని లిస్-4 కెమెరాకు ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు లేదు. ఆకుపచ్చ, ఎరుపు, సమీప పరారుణ కాంతులు మాత్రమే దానికి ఆధారం. అందువల్ల గుత్తిలోని తాళంచెవులను ఒక్కొక్కటిగా పెట్టి చూసినట్లు, రకరకాల ఎత్తులను ఊహించి సరిపోల్చవలసి ఉంటుంది. ఆకాశంలో చిన్న మేఘాలు చెదురుమదురుగా ఉంటే ఒకదాని నీడ పక్కదానికి అతికిపోయే ప్రమాదమూ ఉంది. అప్పుడు మరో తేదీన తీసిన చిత్రమే సాక్ష్యం. చెరువు ఉన్నచోటే ఉంటుంది, నీడ ఉండదు.

వానాకాలంలో మబ్బు విడవని రోజులకు రాడార్ ఉపగ్రహాలు ఆదుకుంటాయి. 2022 ఫిబ్రవరి 14న ఇస్రో ప్రయోగించిన ఈఓఎస్-04 ఆ కోవకు చెందినదే. సూక్ష్మతరంగాలు మేఘాలను దాటిపోతాయి, వాటికి సూర్యకాంతితో పని లేదు. కాబట్టి మేఘం నీడ అనే సమస్యే తలెత్తదు. అయితే అబిడ్స్, నాంపల్లి వంటి కిక్కిరిసిన చోట్ల భవనాలు రాడార్ తరంగాలకు అడ్డుపడతాయి. నున్నని తారురోడ్డు కూడా నిశ్చలమైన నీటిలా నల్లగా కనిపిస్తుంది. ఎటూ తేలని భాగాన్ని ఊహతో పూరించకుండా ‘సమాచారం లేదు’ అని గుర్తించి, ఉపగ్రహం మళ్లీ ఆ దారిన వచ్చేవరకు ఖాళీగా ఉంచుతారు.