బాణం ఎటు తిరిగితే అటు

మాల్దీవుల్లో వారం రోజులు పడవ మీదే బస, నీటి కింద పగడాల మధ్య తిరుగుడు. తిమింగల సొర కోసం బయల్దేరిన కథనాన్ని ఓ తెల్లబోర్డు తనవైపు లాక్కుంది.

గైడు బోర్డు మీద మొదట చేపను గీయడు. బాణం గీస్తాడు. నీలం మార్కరుతో పొడుగ్గా ఒక గీత, దాని కొసన ముక్కు. ఆ తర్వాతే పగడపు దిబ్బ అంచు, లోతు అంకెలు, దూకాల్సిన చోటు, పైకి తేలాల్సిన చోటు. ఏయే జీవులు కనిపించవచ్చో చెప్పడం అన్నిటికన్నా చివర, బోర్డు అడుగున మిగిలిన కాస్త జాగాలో. పావుగంట తిరక్కుండా అందరం సిలిండర్లు తగిలించుకుని నీళ్లలో ఉంటాం. పైకి వచ్చేసరికి బోర్డు తుడిచేసి ఉంటుంది.

ఎడిటర్ గారు అడిగింది వేరు. "వేసవి సంచిక ముఖచిత్రం తిమింగల సొర. మార్చిలో వెళ్లి వారం రోజులు పడవ మీద ఉండి రండి. గురువారం పొద్దుటికి కాపీ నా టేబుల్ మీద ఉండాలి" అన్నారు. తిమింగల సొర కనిపించింది, దాని సంగతీ రాస్తాను. కానీ తిరిగొచ్చి ఫోన్లోని ఫొటోలన్నీ ముందేసుకుని కూర్చుంటే మళ్లీ మళ్లీ చూడబుద్ధయింది బోర్డు ఫొటోలే. సొర ఫొటో ఎవరు తీసినా ఇంచుమించు అలాగే ఉంటుంది. ఈ బొమ్మలు మాత్రం ఆ పూట, ఆ గంట, ఆ చోట సముద్రం ఎలా ఉందో చెబుతాయి. వీటిని ఎవరూ దాచిపెట్టరు.

ఇలాంటి పడవను లివ్‌అబోర్డ్ అంటారు. మాలే రేవులో ఎక్కితే వారం తర్వాత మళ్లీ అక్కడే దిగడం. పడక, భోజనం పెద్ద పడవలో. దాని వెంటే చిన్న పడవ, దోనీ, వస్తుంటుంది. గాలి నింపే కంప్రెసర్, సిలిండర్లు, తడి సూట్లు అన్నీ దాంట్లోనే. పొద్దున ఆరింటికి గంట కొడతారు. టిఫిను కన్నా ముందే మొదటి మునక. పైకొచ్చాక మస్‌హుని పెడతారు. ట్యూనా చేప, పచ్చి కొబ్బరి, ఉల్లి, మిర్చి చేత్తో నలిపి కలిపి, పలచటి రొట్టెలతో. ఉప్పునీళ్లలో గంటసేపు నాని వచ్చిన ఒంటికి అంతకు మించింది లేదు. తర్వాత ఇంకో మునక, మధ్యాహ్నం మరొకటి, కొన్ని రాత్రుళ్లు చీకట్లో ఒకటి. ప్రతిదానికీ ముందు బోర్డు.

వావు అటోల్ తూర్పు అంచున మియారు కండు దగ్గర గీసిన బొమ్మ నా ఫోన్లో ఇంకా ఉంది. అటోల్ అంటే అంచు పైకి లేచిన పళ్లెం లాంటిది. ఆ అంచు పగడాల దిబ్బ, లోపల లోతు తక్కువ నీళ్లు, బయట మహాసముద్రం. అంచు తెగిన చోటు కండు. లోపలికైనా బయటికైనా నీళ్లన్నీ ఆ ఇరుకులోంచే పోవాలి. బొమ్మలో రెండు దిబ్బ ముక్కలు, మధ్య సందు, సందులోకి తిరిగిన బాణం. దాని కింద గైడు ఒకటికి రెండుసార్లు గీత కొట్టాడు.

బాణం లోపలికి తిరిగిందంటే బయటి మహాసముద్రపు తేట నీళ్లు వస్తున్నాయని. చూపు చాలా దూరం ఆనుతుంది. ఆ నీటికి ఎదురుగా, కండు వాకిట్లో, బూడిదరంగు రీఫ్ సొరలు బారులు తీరతాయి. బాణం బయటికి తిరిగితే కథ వేరు. లోపలి నీళ్లు నలకలతో, సూక్ష్మజీవులతో మసకబారి వస్తాయి. సొరలు చెదిరిపోతాయి, ఆ నలకలే ఆహారమైన మాంటా రేలు చేరతాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో ప్రవాహం మొత్తం మీద తూర్పు నుంచి పడమరకు. అందుకే ఆ నెలల్లో తూర్పు కండులు తేటగా, సొరలతో ఉంటాయి. మాంటాలు పడమటి అంచున దొరుకుతాయి. నైరుతి వచ్చాక అంతా తిరగబడుతుంది. దీని పైన రోజువారీ ఆటుపోట్లు. కాలెండరు చూసి సగం చెప్పొచ్చు. మిగతా సగం దిగి చూడాల్సిందే.

ఆ దిగి చూసేది గైడే. దోనీ కండు దగ్గరికి రాగానే ముందు అతనొక్కడే దూకుతాడు. ముఖం నీళ్లలో పెట్టి, నాలుగైదు మీటర్లు కిందికి వెళ్లి, దిబ్బతో పోల్చుకుంటూ తనను నీళ్లు ఎటు లాగుతున్నాయో చూసి పైకొస్తాడు. చెయ్యి ఊపి కెప్టెనుకు దిక్కు చెబుతాడు. పడవ మీద గీసిన బాణం తప్పైతే అక్కడే తుడిచి మళ్లీ గీస్తాడు. మాతో విశాఖ నుంచి వచ్చిన ఓ పెద్దాయన ఉన్నారు, పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన నా పక్కనే నిలబడి, "మా జాలరిపేటలో పెద్దవాళ్లు తాడుకి రాయి కట్టి దించేవారండీ. తాడు ఎటు ఒరిగితే ప్రవాహం అటు. వల తర్వాతే" అన్నారు. నీటి మీద బతికేవాళ్లు ఎక్కడైనా అడిగే మొదటి ప్రశ్న అదే.

మియారు కండులో జాకెట్టులో గాలి లేకుండా దూకి, ఆగకుండా కిందికి దిగిపోవాలి. పైన తచ్చాడితే ప్రవాహం మనిషిని సందులోకి తోసేస్తుంది, వాకిలి దాటిపోతాం. కండు పెదవి దగ్గర చచ్చిన రాతికి ఇనుప కొక్కెం తగిలించి, దాని తాడుకి గాలిపటంలా ఊగుతూ నిలబడ్డాం. ముఖం పక్కకు తిప్పితే మాస్కు ఊడేంత ఉరవడి. ఎదురుగా నీలంలో సొరలు. తోక ఒక్కసారి కదిపి, తర్వాత చాలాసేపు కదపకుండా, ఆ ఉరవడిలోనే ఉన్నచోట ఉన్నాయి. మేము ఇనుముతో చేసే పనిని అవి ఒళ్లు వంపుతోనే చేస్తున్నాయి. నాకు ఎదురుగా ఉన్న ఒకదాని మొప్పల చీలికలు ఐదూ మెల్లగా తెరుచుకుని మూసుకోవడం లెక్కపెట్టగలిగాను. ఒక చిన్న చేప దాని దవడ పక్కనే తిరుగుతోంది, భయం లేదు.

ఎక్కువసేపు ఉండనివ్వరు. లెక్క తేలికే. 12 లీటర్ల సిలిండర్లో 200 బార్ ఒత్తిడితో 2,400 లీటర్ల గాలి. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడికి రెండు గంటలు వస్తుంది. 30 మీటర్ల లోతున ఒత్తిడి నాలుగింతలు, గాలి ఖర్చూ నాలుగింతలు. అదే సిలిండరు అరగంట. అందులోంచే పైకి రావడానికి మిగుల్చుకోవాలి. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, ఒంట్లో కరిగిన నత్రజని మెల్లగా బయటపడేందుకు. మాల్దీవుల చట్టం సరదా డైవర్లను 30 మీటర్లు దాటనివ్వదు. బోర్డు మీద ఆ అంకె చుట్టూ ఎర్ర గీత ఎప్పుడూ ఉంటుంది.

అదే అటోల్‌లో అలిమతా జెట్టీ దగ్గర రాత్రి మునకలో నర్స్ సొరలు కాళ్ల మధ్యనుంచి, భుజాల మీదుగా పోతాయి. చాలామందికి వారం మొత్తంలో అదే గొప్ప అనుభవం. నాకు మనసొప్పలేదు. అక్కడ పడేసే చేప ముక్కలకు అలవాటుపడి చేరిన గుంపు అది. ఆ రాత్రి బోర్డు మీద బాణానికి పెద్ద పనే లేకపోయింది.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1842లో డార్విన్ పగడపు దీవుల పుట్టుక మీద పుస్తకం వేసినప్పుడే మాల్దీవులు అందులో ఉన్నాయి. 1943లో కూస్టో, గాన్యాఁ కలిసి నీటి కింద ఊపిరి తీసే పరికరం తయారుచేశారు. 1957లో ఆస్ట్రియా డైవరు హాన్స్ హాస్ తన ఓడ క్సరీఫాలో ఈ నీళ్లకు వచ్చాడు. 1972లో కురుంబాతో తొలి రిసార్టు మొదలైంది. 1995లో కొన్ని డైవింగ్ చోట్లను రక్షిత ప్రాంతాలు చేశారు, 2010లో సొరల వేటను దేశమంతా ఆపేశారు. 1998లో, 2016లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. ఈ చివరి ముక్క దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక ఎడిటర్ గారి సొర. అరి అటోల్ దక్షిణపు అంచున 42 చదరపు కిలోమీటర్ల మేర 2009 నుంచి రక్షిత ప్రాంతం. తిమింగల సొరలు అక్కడ ఏడాది పొడుగునా తిరుగుతాయి. ఎక్కువగా ఇంకా ఈడుకు రాని మగవి. చేపల్లో అన్నిటికన్నా పెద్దది, తినేది మాత్రం నలకలంత జీవుల్ని. మేము దూకినప్పుడు కింద చుక్కల వీపు ఒకటి నెమ్మదిగా సాగిపోతోంది. వీపు మీద తెల్లచుక్కలు, వాటి మధ్య సన్నటి గీతలు, తోకదాకా ఎక్కడా తొందర లేదు. అంత అందమైన జంతువును నేను చూడలేదు. ఈలోపు వైర్‌లెస్‌లో కబురు పోయింది. చుట్టూ పడవలు చేరాయి. ఒంటికి మూడు మీటర్లు, తోకకు నాలుగు మీటర్ల దూరం ఉండాలన్నది నియమం. దాని తల ముందుకే ఈదుకెళ్లినవాళ్లను చూశాను, తోకకు చెయ్యి చాచినవాళ్లను చూశాను. అది ఒకసారి ఒరిగి లోతుల్లోకి వెళ్లిపోయింది. ఒక సొర దగ్గర ఒకేసారి ఎన్ని పడవలుండాలో గట్టిగా లెక్క పెట్టి, దాన్ని నీళ్ల మీదే అమలుచేసే మనిషిని పెట్టాలి. అలా చేస్తే నా తర్వాత వెళ్లేవాళ్లు గంట వేచి ఉండాల్సి రావచ్చు. ఉండాలి.

ఉత్తర అరిలో మాయా తిల బొమ్మ అన్నిటికన్నా సాదా. ఒక గుండ్రం. మధ్యలో 6, బయట 30. తిల అంటే నీటి పైకి తేలని కొండ, దీని శిఖరం 6 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. బాణం వచ్చి గుండ్రాన్ని ఒక పక్క తాకుతుంది, రెండో పక్క ఖాళీ. "రాత్రి మీ చెయ్యి గోడను విడిచి దూరం పోకూడదు. టార్చి మాత్రం ఏ చిన్న చేప మీదా నిలపొద్దు" అన్నాడు గైడు. రెండో మాట ఎందుకో కిందికి వెళ్లాక తెలిసింది. మా వెలుగు వెంబడి పెద్ద పార చేపలు వస్తున్నాయి. కాంతి పడి కళ్లు చెదిరిన చేపను అవి టక్కున మింగేస్తాయి. టార్చి పట్టుకున్నవాడు తెలియకుండానే వేటగాడవుతాడు. పగలు నీలంగా గుంపులు కట్టి తిరిగే ఫ్యూజిలియర్ చేపలు పగడాల సందుల్లో ఎర్రబారిన ఒంటితో ఇరుక్కుని నిద్రపోతున్నాయి. ఒక చిలుక చేప తన నోటి నుంచే వచ్చిన జిగురు పొరలో తనను తాను చుట్టుకుని పడుకుంది. నా వేలు మందాన నలకలు ఆ పొరకు అంటి ఉన్నాయి. తెల్లరెక్క సొరలు ఆ సందులన్నీ మూతితో వెతుక్కుంటూ పోతున్నాయి.

ఆ 6 అంకె పక్కన గైడు ఏమీ రాయలేదు. మిగతా చోట్ల శిఖరం దగ్గర ఏదో ఒకటి రాసేవాడు కదా అని పడవ మీద అడిగాను. "ఇదివరకు తోట అని రాసేవాణ్ని. 2016 తర్వాత మానేశాను" అన్నాడు. పగడం ఒంట్లో ఉండి దానికి తిండి పెట్టే నాచును, నీళ్లు మరీ వేడెక్కితే అది బయటికి నెట్టేస్తుంది. రంగు పోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. 2016లో మాల్దీవుల్లో అరవై శాతానికి పైగా పగడాలు తెల్లబడ్డాయి. 2024లో మళ్లీ తెల్లబడ్డాయి. లోతు తక్కువ ఉన్న శిఖరాలకే దెబ్బ ఎక్కువ. కొత్త పగడపు మొలకలు అరచేతి వెడల్పున అక్కడక్కడా లేచిన మాట నిజం. అతను బోర్డు మీద దాన్ని తోట అని రాసే రోజు కోసం నేను ఎదురుచూస్తాను.

ఇంకో పొద్దున, అరి పడమటి అంచున మాంటాలు ఒళ్లు శుభ్రం చేయించుకునే ఒక మూల. ముందు రాత్రే బొమ్మ గీసి పెట్టారు. మాంటా రెక్కలు కూడా గీశాడు, అందరం ఆశగా ఉన్నాం. దోనీ ఆగింది, గైడు దూకాడు. పైకొచ్చి మాట్లాడకుండా బోర్డు తీసుకుని, తుడిచి, బాణాన్ని కిందికి గీశాడు. కండు మూల దగ్గర నీళ్లు నిట్టనిలువుగా దిగుతున్నాయి. వదిలిన బుడగలు పైకి రావడం లేదట, కిందికి పోతున్నాయట. ఇక్కడ దిగడం లేదన్నాడు. ఇద్దరు గట్టిగా గొణిగారు. డబ్బు కట్టింది మాంటాల కోసం అన్నారు. అతను వాదించలేదు, సారీ చెప్పలేదు, కెప్టెనుకు చెయ్యి ఊపాడు. ఆ వారంలో నాకు అతని మీద గౌరవం కలిగిన క్షణం అదే. అరగంట దూరంలో ఓ చిన్న తిల దగ్గర దిగాం. ఆ పూట మాంటా ఒక్కటీ కనిపించలేదు. పసుపు ఒంటి మీద నీలిచారల చేపల గుంపు, ఒక ముసలి నెపోలియన్ చేప, రాతి కింద ఆక్టోపస్ కనిపించాయి.

చుక్కల లెక్క

ప్రతి తిమింగల సొర ఒంటి మీద చుక్కల అమరిక వేరు. మొప్పల వెనక భాగం ఫొటో చాలు, అది ఏ సొరో చెప్పొచ్చు. ఇందుకు వాడే గణిత పద్ధతి 1986లో ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశం ఫొటోల్లో నక్షత్రాలను పోల్చి చూసేందుకు తయారైంది. 2005లో దాన్ని సొరలకు మలిచారు. మాంటా రేలకైతే పొట్ట కింది మచ్చలు చూస్తారు. మాల్దీవుల్లో ఇలా 5,000కు పైగా మాంటాలను ఒక్కొక్కదాన్నీ గుర్తించి పెట్టారు. పర్యాటకులు తీసిన ఫొటోలూ ఈ లెక్కలోకి వస్తాయి.

మన తీరంలో

తిమింగల సొర మన బంగాళాఖాతంలోనూ తిరుగుతుంది. 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. 2022 ఫిబ్రవరిలో విశాఖ దగ్గర తంతడి తీరంలో చిక్కుకున్న భారీ సొరను అటవీ శాఖవాళ్లు, మత్స్యకారులు కలిసి తిరిగి లోతు నీళ్లలోకి పంపారు. స్కూబా నేర్చుకోవాలంటే విశాఖ రుషికొండలోనే శిక్షణ దొరుకుతుంది. పగడాలు చూడాలంటే అండమాన్, లక్షద్వీప్. లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవిలో మాట్లాడేది మాల్దీవుల భాషే.

వెళ్లేవాళ్లకు

కండుల్లో దిగాలంటే తొలి సర్టిఫికెట్ చాలదు, అడ్వాన్స్‌డ్ కోర్సు, ప్రవాహంలో దిగిన అనుభవం ఉండాలి. లాగ్‌బుక్ వెంట తీసుకెళ్లండి, అడుగుతారు. డైవింగ్‌కు వర్తించే బీమా విడిగా చేయించుకోవాలి. నారింజ రంగు గాలి గొట్టం సొంతంది ఉంచుకోండి; ప్రవాహం దూరంగా తోసేసినప్పుడు దోనీకి కనిపించేది అదే. వరసగా రోజుల తరబడి మునకలేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. చాలా పడవలు 24 గంటలు పెట్టుకుంటాయి, కాబట్టి తిరుగు టికెట్టు చివరి రోజు పొద్దునకు కాకుండా మర్నాటికి తీసుకోండి.