చెడిపోయిన మోతకు పుట్టిన పెట్టె

సరదాకి గిటార్ వాయించేవాళ్ళ గదిలో గిటార్లు రెండే ఉన్నా, నేలమీద పెడళ్ళు మాత్రం ఓ గుంపు ఉంటాయి. కాలితో నొక్కే ఆ డబ్బాల్లో ‘ఫజ్’ తీరు వేరు. స్వరాన్ని పాడుచెయ్యడమే దాని ఉద్యోగం. రికార్డింగ్ ఇంజనీర్లు ఏ లోపం రాకూడదని తలబాదుకుంటారో, ఆ లోపం కోసమే దీన్ని తయారుచేశారు.

కథ అమెరికాలోని నాష్‌విల్‌లో మొదలైంది. మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’ రికార్డింగులో గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న బేస్ గిటార్ ఉన్నట్టుండి బొంగురుపోయింది. మిక్సింగ్ బల్లలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పాడైంది మరి. ఆ ముక్కను తీసెయ్యకుండా అలాగే ఉంచారు; 1961లో పాట హిట్టయింది. అదే మోత మాకూ కావాలని వేరేవాళ్ళు వచ్చేసరికి ట్రాన్స్‌ఫార్మర్ కాస్తా పూర్తిగా పోయింది. ఇక చేసేది లేక ఇంజనీరు గ్లెన్ స్నాడీ, తోటి ఇంజనీరు రెవిస్ హాబ్స్‌తో కలిసి, ట్రాన్సిస్టర్లతో ఆ రోగాన్ని మళ్ళీ తెప్పించాడు. 1962లో గిబ్సన్ సంస్థ దాన్ని ‘మాస్ట్రో ఫజ్ టోన్’ పేరుతో అమ్మకానికి పెట్టింది.

లోపల మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, రెండు బ్యాటరీలు. మొత్తం 3 వోల్టులు. కిటుకంతా ఆ పేదరికంలోనే ఉంది. ట్రాన్సిస్టర్లు తీగ సంకేతాన్ని ఎన్నో రెట్లు పెంచబోతాయి; బ్యాటరీ ఇవ్వగలిగినదాన్ని మించి అల పైకి లేవలేదు. దాంతో గుండ్రటి శిఖరాలు తెగి చదునవుతాయి. 110 హెర్ట్జ్ స్వరంలో 330, 550 లాంటి గుణిజాలు ఒక్కసారిగా బలపడతాయి. చెవికి గరుగ్గా తగిలేది అదే. తీగ ఊపు తగ్గుతున్నా అల ఇంకా ఆ హద్దును తాకుతూనే ఉంటుంది కనుక, స్వరం చాలాసేపు సడలకుండా నిలుస్తుంది.

రెండు స్వరాలు కలిపితే ఇంకో చిత్రం. వాటి భేదాలూ మొత్తాలూ కూడా స్వరాలై దూరతాయి. స, ప కలిపి మీటితే, అంటే 110, సుమారు 165 హెర్ట్జ్, వాటి భేదం 55: కింది స్థాయి షడ్జమం! బలం వస్తుందే తప్ప అపశ్రుతి రాదు. గాంధారం చేర్చారా, గజిబిజే. రాక్ గిటారిస్టులకు ఈ స-ప జంట, అంటే ‘పవర్ కార్డ్’ మీద అంత మోజు ఊరికే రాలేదు.

ఈ పెట్టె గిటార్‌ను ఇత్తడి వాద్యాల్లా పలికిస్తుందని గిబ్సన్ ఊదరగొట్టినా, మొదటి ఊపు తర్వాత కొనేవాళ్ళు లేకపోయారు. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘సాటిస్‌ఫాక్షన్’ వచ్చాక కథ మారింది. అందులోని ఫజ్ గిటార్‌ను కీత్ రిచర్డ్స్, తర్వాత బాకాలతో నింపుదామని నమూనాగా వాయించాడు. మిగతావాళ్ళు దాన్నే ఉంచేశారు. దుకాణాల్లోని డబ్బాలన్నీ అమ్ముడైపోయాయి. 1966లో లండన్‌లో ‘ఫజ్ ఫేస్’ పుట్టింది: రెండే ట్రాన్సిస్టర్లు, మైక్ స్టాండ్ అడుగులాంటి గుండ్రటి పెట్టె. జిమీ హెండ్రిక్స్ కాలికింద చేరి ప్రసిద్ధమైంది.

అయితే జెర్మేనియం నిలకడలేని సరుకు. వేడెక్కేకొద్దీ లోపల కరెంటు కారుతుంది, స్వరం మారుతుంది. మన మే నెల ఎండలో చెప్పనే అక్కర్లేదు. ఒకే బ్యాచ్‌లోని రెండు ట్రాన్సిస్టర్లు కూడా సమానంగా పెంచవు. తర్వాత సిలికాన్ వచ్చి నిలకడ తెచ్చింది, కానీ దాని గొంతు మరీ పదును. అందుకే పాత ధోరణి పెడళ్ళు చేసేవాళ్ళు ఇప్పటికీ జెర్మేనియం ముక్కలను ఒక్కొక్కటిగా కొలిచి, జత కుదిరినవి వాడి, మిగతావి పక్కన పడేస్తారు. ఒకేలాంటి డబ్బాలు మూడెందుకని ఇంట్లో నిలదీస్తే, మన గిటార్ అభిమాని దగ్గర భౌతికశాస్త్రం ఒప్పుకునే జవాబే ఉంది. ఖరీదు సంగతి వేరు.