పసివాడి బరువు ఎవరు తూచాలి?

‘వాళ్లకేం కష్టాలండీ, తిని ఆడుకోవడమేగా!’ ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో పెద్దలు పిల్లల గురించి అనుకునే మాట ఇది. పిల్లల మానసిక ఒత్తిడిని కొలవబూనిన శాస్త్రజ్ఞులు సైతం మొదట్లో పిల్లల్ని అడగలేదు. 1972లో కాడింగ్టన్ అనే అమెరికా వైద్యుడు పిల్లల జీవితంలో వచ్చే మార్పులు ఒక్కొక్కటీ ఎంత బరువైనదో అంచనా వేయించాడు. వేసినవారు ఉపాధ్యాయులు, పిల్లల వైద్యులు, మానసిక నిపుణులు. అంతా పెద్దలే!

1979లో కవోరు యమమొటో అనే పరిశోధకుడు ఆ పని పిల్లలకే అప్పగించాడు. నాలుగు నుంచి ఆరో తరగతి దాకా చదివే అమెరికా బాలబాలికల ముందు 20 సంఘటనలుంచి, ఏది ఎంత బాధాకరమో ఒకటి నుంచి ఏడులోపు అంకె వేయమన్నాడు. అమ్మనో నాన్ననో పోగొట్టుకోవడం అన్నిటికన్నా పైన నిలిచింది. అది ఊహించగలిగిందే. తమ్ముడో చెల్లెలో పుట్టడం అట్టడుగున ఉంది. దానికోసం మనమెంత కంగారు పడతాం! పరీక్ష తప్పి అదే తరగతిలో ఉండిపోవడం, తరగతి గదిలో బట్టలు తడుపుకోవడం, అమ్మానాన్నల పోట్లాట, అబద్ధమాడావన్న అనుమానం... ఇవన్నీ పైవరుసల్లోనే ఉన్నాయి. 1987లో వెలువడిన మరో అధ్యయనంలో అమెరికాతోపాటు ఈజిప్టు, జపాన్, ఫిలిప్పీన్స్, ఆస్ట్రేలియా, కెనడా పిల్లలూ ఇంచుమించు ఇలాగే చెప్పారు.

నలుగురిలో సిగ్గుపడటం, మాట నమ్మకపోవడం పిల్లలకు అంత బరువన్నమాట. క్రిస్మస్ రోజున కంఠతా వాక్యం మధ్యలో మరిచిపోయిన పిల్లవాణ్ణి చూసి సంఘమంతా నవ్వుతుంది. మనకది ముద్దే, వాడినీ అడగాలి కదా! తనను పిలిచారంటూ రాత్రివేళ లేచివచ్చిన బాలుడైన సమూయేలును ఏలీ రెండుసార్లు తిరిగి పడుకోమన్నాడు. మూడోసారి గాని గ్రహించలేదు. అయినా అబద్ధమాడుతున్నావని ఒక్కసారీ అనలేదు (1 సమూ 3).

పెద్దల కోసం షెల్డన్ కోహెన్ బృందం 1983లో ఒక ప్రశ్నావళి ప్రచురించింది. ఏం జరిగిందని కాక, గడిచిన నెలలో పరిస్థితి చేయి దాటిందని ఎంత తరచుగా అనిపించిందో అందులో అడుగుతారు. పిల్లలకు అనువుగా మార్చిన దాంట్లో గడిచిన వారం సంగతే అడుగుతారు. పసివారికి నెల చాలా దూరం మరి! అయితే అందులో వచ్చే అంకె రోగనిర్ధారణ కాదు. పైగా అమ్మ పక్కనే కూర్చుని కాగితంలోకి తొంగిచూస్తుంటే, పిల్ల తన జవాబు కాక అమ్మకు నచ్చే జవాబే రాస్తుంది.