బండి నాపిన పోలీసువారికి ఎంతవరకు లోబడవలెను?

మా వీధిలో నొక పిన్నిగారు కలరు. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు దగ్గరనున్న కూతురి యింట ఆరు మాసములుండి యీ నడుమనే తిరిగివచ్చినారు. అక్కడి యిండ్లు, అంగళ్లు, ఎండలు, మనుమరాలి ముద్దుమాటలు, అన్నియు చెప్పి ముగించిన పిదప గొంతు తగ్గించి యొక సంగతి చెప్పినారు. ఒకనాటి సాయంకాలము కూతురు కారు నడుపుచుండగా వెనుకనుండి ఎఱ్ఱని నీలపు దీపములు మెరయించుచు పోలీసుకారు వచ్చినదట. అమ్మాయి బండిని దారిప్రక్కకు చేర్చి నిలిపినది. పిన్నిగారు మన దేశపు మర్యాద చొప్పున, "నేను పోయి నాలుగు మంచిమాటలు చెప్పెదనుండవే" యని తలుపు తెరచి కాలు క్రిందమోపినారు. పోలీసు ఉద్యోగి పెద్దకేక వేసి, నడుమునకున్న పిస్తోలుపై చేయి వేసెనట. "అమ్మా, కదలకమ్మా" యని కూతురు ఏడ్చినంత పని చేసినదట.

తరువాత విశేషమేమియు జరుగలేదు. వేగము మించినందుకు చీటి వ్రాసియిచ్చి యతడు పోయినాడు. కాని పిన్నిగారి చెవిలో ఆ కేక నేటికిని ఉన్నది. "తప్పు చేసినచో జరిమానా కట్టుదుము. న్యాయముకాని మాట చెప్పినను నోరు మూసికొని వినవలెనా?" అని నన్నడిగినారు. ఆనాడు నేను సరియైన బదులు చెప్పలేకపోయితిని. ఇంటికి వచ్చి కొంత చదువుకొన్న తరువాత, అదే టెక్సాసు రాష్ట్రమున ఇద్దరు స్త్రీలకు జరిగిన కథలు నాకు కనబడినవి. మన యాడపడుచులెందఱో అక్కడ బండ్లు నడుపుకొనుచున్నారు. ఇక్కడ నడుపువారును తక్కువ కారు. కావున ఆ కథలు సోదరీమణులకు చెప్పదలచితిని.

మొదట ఆ కేక సంగతి. మన యూళ్లలో బండి నాపినప్పుడు, నడుపువారు దిగి, కాగితములు చేతబట్టుకొని, ఉద్యోగి యున్నచోటికి నడచిపోవుట వాడుక. కూర్చుండినచోటనే కూర్చుండుట పొగరని మనవా రనుకొందురు. అక్కడ ఇందుకు తలక్రిందులు. ఆ దేశమున పౌరుల యొద్దనే తుపాకులు విరివిగా నుండుటచేత, బండి దిగి తనవైపు వచ్చువారిని చూచి పోలీసు ఉద్యోగి ముందు తన ప్రాణమునకు భయపడును. దిగుమని చెప్పువరకు కదలక కూర్చుండి, రెండు చేతులును స్టీరింగు చక్రముపై కనబడునట్లుంచి, చేతిసంచిలోని లైసెన్సు తీయవలసివచ్చినప్పుడు "సంచిలో నున్నది, తీయుచున్నాను" అని చెప్పి తీయుట అక్కడి పద్ధతి. మనము వినయమనుకొనునది వారికి బెదరింపుగా తోచును. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రపు మాడిసను పట్టణమున, మనుమని చూచుకొనుటకు గుజరాతునుండి వచ్చిన యొక తాతగారు ఇంటి చుట్టుప్రక్కల నడచుచుండగా పోలీసువారాపిరి. ఆయనకు ఇంగ్లీషు రాదు. చెప్పిన మాట తెలియక కదలినందుకు నేలకు పడవేసిరి. వెన్నెముకకు దెబ్బ తగిలి కాలుసేతులు స్వాధీనము తప్పినవి. ఆయన బండిలోనైనను లేడు.

ఇక మొదటి స్త్రీ కథ. ఆమె పేరు గెయిల్ అట్‌వాటర్. 1997 మార్చిలో లాగోవిస్టా యను చిన్నయూరిలో తన బండిలో ఇంటికి పోవుచుండెను. మూడేండ్ల కొడుకు, అయిదేండ్ల కూతురు ముందరి సీటులో నుండిరి. ముగ్గురిలో నెవరికిని సీటుబెల్టు లేదు. అది తప్పే, ఆమెయు కాదనలేదు. ఆ తప్పునకు టెక్సాసు చట్టము విధించిన శిక్ష యేబది డాలర్లకు మించని జరిమానా మాత్రమే, చెఱసాల కాదు.

పోలీసు ఉద్యోగి వచ్చుటతోడనే కేకలు మొదలుపెట్టి, జైలునకు పంపెదనని చెప్పెను. పిల్లలు భయపడి యేడ్వసాగిరి. దగ్గరలోనే యున్న స్నేహితురాలి యింట పిల్లలను దింపివత్తునని ఆమె బ్రతిమాలుకొనగా, నీవెక్కడికిని పోరాదనెను. ఇంతలో ఆ స్నేహితురాలికే సంగతి తెలిసి పరుగెత్తుకొనివచ్చి పిల్లలను తీసికొనిపోయెను. ఆమె రాకున్నచో ఆ పిల్లల గతి యేమో యని చదువుచున్నప్పుడు నా మనస్సు కొట్టుకొన్నది. తల్లిని చేతులు వెనుకకు విఱిచి సంకెళ్లు వేసి ఠాణాకు కొనిపోయిరి. బూట్లు, నగలు, కంటియద్దములు తీయించిరి. ఫోటో తీసిరి. గంటసేపు ఒంటరిగా గదిలో నుంచిరి. పిమ్మట మేజిస్ట్రేటు ఎదుట మూడువందల పది డాలర్ల జామీనుపై వదలిరి. కడకు ఆమె కట్టిన జరిమానా యేబది డాలర్లు.

ఆమె ఎదిరింపలేదు, పారిపోలేదు, చేయి విదల్పలేదు. పెద్దలందఱును చెప్పునట్లు, దారిలో లోబడి, న్యాయమును న్యాయస్థానముననే అడిగెను. దావా సుప్రీముకోర్టువరకు పోయినది. 2001 ఏప్రిలులో తీర్పు వచ్చినది: అయిదుగురు ఒకవైపు, నలుగురొకవైపు. ఆమెకు జరిగినది నిరర్థకమైన అవమానమేనని ఆ అయిదుగురును ఒప్పుకొనిరి. కాని తన కన్నులయెదుట జరిగిన నేరము ఎంత స్వల్పమైనదైనను, జరిమానాయే తప్ప జైలుశిక్ష లేనిదైనను, నిర్బంధించు అధికారము పోలీసువారికి కలదని తీర్మానించిరి. ఆనాడు ఆ న్యాయస్థానమున నున్న ఇద్దరు స్త్రీ న్యాయమూర్తులు, శాండ్రా డే ఓకానరు, రూత్ బేడర్ గిన్స్‌బర్గు, ఇరువురును ఆ తీర్పునకు అసమ్మతులే. ఏడ్చుచున్న పిల్లలను విడిచి సంకెళ్లతో పోవుట యేమియో వారికి వేఱుగా చెప్పనక్కఱలేకపోయెనని నా యూహ. కాని వారితోగూడ అసమ్మతి తెలిపిన తక్కిన ఇద్దరు పురుషులే యని కూడ చెప్పుట న్యాయము.

రెండవ కథ చెప్పుట కష్టము. శాండ్రా బ్లాండ్ అను ఇరువదియెనిమిదేండ్ల నల్లజాతి యువతి, తాను చదువుకొన్న ప్రెయిరీవ్యూ విశ్వవిద్యాలయమున ఉద్యోగము దొరకగా ఇల్లినాయి రాష్ట్రమునుండి టెక్సాసునకు వచ్చెను. 2015 జూలై 10వ తేదీన, ఇండికేటరు వేయక వరుస మారినదని యొక ఉద్యోగి ఆమె కారు నాపెను. అతని బండియే వెనుకనుండి వేగముగా వచ్చుచుండుట చూచి, దారి యిచ్చుటకే ప్రక్కకు తొలగితినని ఆమె చెప్పెను. అతడు హెచ్చరిక చీటి వ్రాసికొని వచ్చెను. దానిని చేతికిచ్చి పోయిన సరిపోయెడిది. ఆమె మొగము చూచి, చికాకుగా నున్నావేమి యని యడిగెను. ఆమె యున్నమాట చెప్పెను. అప్పుడు, చేతనున్న సిగరెట్టు ఆర్పుమనెను. నా కారులో నేనుండగా నేల యార్పవలెనని ఆమె యడిగెను. వెంటనే, దిగుమనెను. ఆమె దిగననెను. అతడు చేయిపట్టి లాగి, విద్యుత్తుతో దెబ్బకొట్టు టేజరను ఆయుధమును చూపి బెదరించి దింపెను. ఉద్యోగిపై చేయిచేసికొన్నదని నేరము మోపి జైలునకు పంపిరి. అయిదువేల డాలర్ల జామీను. అందు అయిదువందలు కట్టిన బయటికి రావచ్చును. అది సమకూడులోపల, మూడవనాడు, ఆమె జైలుగదిలో ప్రాణములేక యుండెను. ఆత్మహత్య యని వైద్యాధికారులు నిర్ణయించిరి.

ఇందు చట్టమేమనుచున్నది? సిగరెట్టు ఆర్పుమనుట అతని అధికారము కాదు. కాని కారు దిగుమనుట అతని అధికారమే: ఆపిన బండినుండి నడుపువారిని దిగుమనవచ్చునని 1977లోనే ఆ దేశపు సుప్రీముకోర్టు చెప్పియున్నది. ఆపిన కారణము తీరిన పిదప వేఱు పనికై నిలిపియుంచరాదని, శాండ్రా బ్లాండ్ మరణమునకు మూడుమాసములకు ముందే, 2015 ఏప్రిలులో అదే కోర్టు తీర్పు చెప్పినది. అనగా ఆమె మొదటిమాటలో న్యాయము ఆమెవైపున నుండెను. రెండవమాటలో చట్టము అతనివైపునకు మారెను. ఈ సన్నని గీటు దారిప్రక్కన, దీపములు మెరయుచుండగా, కోపముతోను భయముతోను గుండె కొట్టుకొనుచున్న మనిషికి కనబడునా?

కనబడదు గనుకనే ముందుగా ఇంట కూర్చుండి తెలిసికొనవలెనని నేనందును. నాకు తోచిన విధమిది. ఆజ్ఞ వేఱు, అడుగుట వేఱు. దిగుము, నిలువుము, చేతులు చూపుము అనునవి యాజ్ఞలు. న్యాయమైనను కాకున్నను శరీరముతో లోబడవలసినదే. ఆయుధము చేతనున్నవానితో దారిలో వ్యాజ్యము పెట్టుకొని గెలిచినవారు లేరు. కాని "బండిలో చూడవచ్చునా?", "సంచి తెరతువా?" అనునవి ప్రశ్నలు. వీనికి "నాకు సమ్మతి లేదు" అని మెల్లగా చెప్పు స్వాతంత్ర్యము అమెరికాలో అందఱికిని కలదు. చిక్కేమనగా, కాదనవచ్చునని పోలీసువారు మనకు తెలుపవలసిన పని లేదని 1973లో అక్కడి కోర్టు తీర్పు. తెలియనివారు సరేయందురు. సరేయన్న పిమ్మట బలవంతము కాదు, అంగీకారమే యగును. మన యాడపిల్లలకు పెద్దవారడిగినచో కాదనరాదని చిన్ననాటనుండియు నేర్పితిమి. ఆ మంచితనమే ఇచ్చట మోసపుచ్చును. కాదన్నను వినక వెదకినచో అడ్డుపడరాదు. కాదంటినన్న మాట మాత్రము నిలిచియుండును.

ఈ సంగతి దూరదేశమునకే చెల్లునని యనుకొనవలదు. 2021 అక్టోబరులో హైదరాబాదు వీథులలో పోలీసువారు బండ్లపై పోవువారి నాపి, గంజాయి మాట యెక్కడైన కలదేమోయని వారి ఫోనులలోని వాట్సాపు సంభాషణలు తెరచి చూచిరి. దీనినిగూర్చి యడుగగా, బలవంతమేమియు లేదు, ప్రజలే సహకరించుచున్నారని పోలీసు అధికారులు సమాధానమిచ్చిరి. ఆ సహకారమెట్టిదో, దారిలో నిలువబడిన యువకుని మొగము చూచినవారికి తెలియును. వ్యక్తి గోప్యత రాజ్యాంగమిచ్చిన మూలహక్కని మన సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017లో ఏకగ్రీవముగా తీర్పు చెప్పిన నాలుగేండ్లకు జరిగినదిది.

యూనిఫారముతో నున్న పోలీసు ఉద్యోగి యడిగినప్పుడు లైసెన్సు చూపుట 1988 మోటారువాహనముల చట్టము ప్రకారము మన విధి. 2018 నుండి డిజిలాకరులోని ప్రతి కూడ చెల్లును. ఫోనులో కాగితము చూపుట వేఱు, ఫోను చేతికిచ్చుట వేఱు. లైసెన్సు పట్టుకొనినయెడల రసీదు ఇయ్యవలెను. అది తిరిగివచ్చువరకు ఆ రసీదుతో బండి నడుపవచ్చును. స్త్రీని వెదకవలసినచో స్త్రీయే వెదకవలెను. అసాధారణమైన కారణమున్నప్పుడు తప్ప సూర్యాస్తమయము మొదలు సూర్యోదయమువరకు స్త్రీని అరెస్టు చేయరాదు. అప్పుడును స్త్రీ అధికారియే, మేజిస్ట్రేటు అనుమతి ముందుగా పొంది చేయవలెను. ఇవి చట్టములోని మాటలు. రాత్రి పది గంటలకు స్కూటరుపై వచ్చు పిల్లకు నోటికి రావలెనన్నచో, పగటివేళ తల్లికి తెలిసియుండవలెను.

లోబడుమని చెప్పితిని గనుక, లోబడనివారిదే తప్పని నేననినట్లు తలపవలదు. శాండ్రా బ్లాండ్ సంగతి తెలిసినప్పుడు, సిగరెట్టు ఆర్పియున్న బ్రతికియుండెడిది గదా యన్నవారు పలువురు. నేనును మొదట నట్లే తలచితిని, తరువాత సిగ్గుపడితిని. ఆర్పుమని యడుగు పని అతనికేమి? బండిలోని కెమేరా అంతయు చూపినది. విచారణ క్షేమముగా జరుపుటకే ఆమెను దింపితినని ప్రమాణపూర్వకముగా వ్రాసిన మాట అబద్ధమని 2016 జనవరిలో అతనిపై నేరము మోపిరి, ఉద్యోగము పోయినది. ఇక నెన్నడును పోలీసు కొలువు చేయనని ఒప్పుకొనగా 2017లో ఆ కేసు ఎత్తివేసిరి. కుటుంబమువారికి పందొమ్మిది లక్షల డాలర్ల పరిహారము దొరకినది. ఆ 2017లోనే ఆమె పేర టెక్సాసులో చట్టము వచ్చినది. జరిమానాయే గాని జైలుశిక్ష లేని తప్పులకు నిర్బంధము కూడదను నియమము దాని మొదటి చిత్తులో నుండెను. అది నిలిచిన, అట్‌వాటరు వంటి తల్లులకును రక్షణయే. చట్టము సభలు దాటువేళకు ఆ నియమమును తొలగించిరి.

ఇవన్నియు పిన్నిగారికి చదివి వినిపించితిని. తీర్పులు, సంవత్సరములు ఆవిడకు పట్టలేదు. "ఆ స్నేహితురాలు సమయమునకు రాకున్న ఆ పసివారి నెవరు చూచెడివారే?" అని యడిగి ఊరకుండినారు. ఆ రాత్రియే కూతురికి ఫోను చేసి, ప్రక్కయింటి తెలుగువారి నంబరు మనుమరాలికి కంఠస్థము చేయించుమని చెప్పినారట.