పూట మానితే బరువు తగ్గుతుందా?

లెంటు దినములు ముగిసి ఈస్టరు పండుగ గడిచిన తరువాత గ్రామ సంఘములలో మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, నలభై రోజులూ ఒంటిపూట ఉన్నాను. అయినా తూకం చూస్తే కిలో కూడా తగ్గలేదు. ఎందుకంటారు?" అని సహోదరీలు అడుగుతుంటారు. పెండ్లి కుదిరిన ఆడపిల్లలు రాత్రి అన్నము మానుతున్నారు. డాక్టరుగారు ఒళ్ళు తగ్గించమన్నారని పొద్దున టిఫిను మానిన పెద్దలున్నారు. అందరి మనస్సులోనూ ఉన్న సందేహము ఒక్కటే: ఒక పూట మానితే, లేక తినే వేళ మార్చితే, బరువు తగ్గుతుందా?

ఇది పట్నవాసుల ప్రశ్న మాత్రమే కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసినదానికంటె ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో ఆ వయస్సు స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒళ్ళు పెరుగుతున్నది, ఒంట్లో రక్తము మాత్రము చాలడము లేదు. కావున ఎంత తింటున్నామన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఏమి తింటున్నాము, ఎప్పుడు తింటున్నాము, ఇంటిలో అందరికంటె చివర ఎవరు తింటున్నారు అన్నది కూడా చూడాలి.

కడుపు నిండుటే భాగ్యమైన నేల

మన ప్రాంతములో పూట మానుట కొత్త కాదు. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు ప్రాంతపు జనము గింజ లేక అలమటించినది. బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకపు పనిని గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి చూపించారు. ఆనాటి మన పెద్దలు పూట మానినది ఒళ్ళు తగ్గుటకు కాదు, తినుటకు లేక.

తరువాతి తరములు జొన్న అన్నము, సజ్జ సంకటి తిని పొలము పనిచేశాయి. వరి అన్నము పండుగనాటి మాట. సాగర్ కుడి కాలువ నీళ్ళు వచ్చినవి. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము ఇచ్చినది. తెల్లన్నము మూడు పూటల తిండి అయినది. ఇది మేలే. అయితే పని తీరు మారినది. నడిచే దారిలో ఆటో వచ్చినది, దున్నే చోట ట్రాక్టరు వచ్చినది. కంచములోని అన్నపు కుప్ప మాత్రము తగ్గలేదు. కొసరి కొసరి వడ్డించుటే మనకు నేటికీ ప్రేమకు గుర్తు.

పరిశోధనలు ఏమి తేల్చినవి?

డాక్టర్ మంతెన సత్యనారాయణరాజుగారు రాత్రి భోజనము పెందలకడ ముగించమని ఏండ్ల తరబడి చెబుతున్నారు. 2017–18 ప్రాంతములో వీరమాచనేని రామకృష్ణగారు చెప్పిన పద్ధతి, అనగా అన్నము మాని కొవ్వు పదార్థములతో గడుపుట, మన జిల్లాలలో ఊరూరా వ్యాపించినది. ఇటువంటి పద్ధతులు పాటించి తగ్గినవారు మన మధ్య ఉన్నారు. వారు తగ్గినది వేళ మార్చినందువలననా, కంచములో తగ్గించినందువలననా?

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరములో వైద్యులు దీనినే పరీక్షించి 2022లో ఫలితము ప్రకటించారు. 139 మంది స్థూలకాయులను రెండు జట్లు చేశారు. ఇద్దరికీ ఆహారము సమానముగానే తగ్గించారు. ఒక జట్టు ఉదయము 8 నుండి సాయంత్రము 4 లోపలే తినవలెను. రెండవ జట్టుకు వేళ నియమము లేదు. ఏడాది తరువాత మొదటి జట్టు సగటున 8 కిలోలు, రెండవ జట్టు 6.3 కిలోలు తగ్గినది. ఆ కొద్ది తేడాను వేళ నియమపు ఫలితమని చెప్పుటకు వీలులేదని వారు తేల్చారు. ఇద్దరినీ తగ్గించినది మొత్తము ఆహారము తగ్గుటే.

పొద్దున తినకపోతే లావెక్కుతారని కొందరు, తింటేనే లావెక్కుతారని కొందరు అంటారు. ఆస్ట్రేలియా పరిశోధకులు 13 పరీక్షలను కలిపి చూచి 2019లో ప్రకటించిన దాని ప్రకారము, ఉదయపు ఆహారము తిన్నవారికి, మానినవారికి మధ్య బరువులో తేడా అర కిలోకు లోపే.

మన ఇంటి గాదెను తలచుకోండి. గింజలు పొద్దున పోశారా, సాయంత్రము పోశారా అని గాదె అడగదు. ఎంత పోశారు, ఎంత తీశారు అన్నదే దానికి లెక్క. శరీరము కూడా చాలవరకు అంతే.

కాని గాదెకు ఆకలి లేదు, మనిషికి ఉన్నది. వేళకు విలువ వచ్చేది అక్కడే. అమెరికాలోని బోస్టన్‌లో 16 మందికి ఒకే ఆహారమును ఒకసారి వేళకు, మరొకసారి సుమారు నాలుగు గంటలు ఆలస్యముగా పెట్టి చూశారు. ఆలస్యముగా తిన్నప్పుడు ఆకలి పెరిగినది, శరీరము ఖర్చు చేసే శక్తి కొంత తగ్గినది. స్కాట్లాండులోని అబెర్డీన్‌లో 30 మందికి ఒకే మొత్తపు ఆహారమును ఒకసారి ఉదయము ఎక్కువగా, మరొకసారి రాత్రి ఎక్కువగా ఇచ్చారు. తగ్గిన బరువు సమానమే. అయితే ఉదయము ఎక్కువ తిన్నప్పుడు ఆకలి బాధ తక్కువగా ఉన్నది. ఈ రెండు ఫలితములూ 2022లోనే వచ్చినవి. వేళ తానై బరువు తగ్గించదు గాని, తక్కువ తినుటను సులభము చేయగలదు, కష్టమూ చేయగలదు.

మిరప కోతల రోజున

ఇప్పుడు మన ఊరి సహోదరి దినచర్య చూతము. మిరప కోతలప్పుడు గాని, పత్తి తీతలప్పుడు గాని తెల్లవారుజామున లేచి వంట చేస్తుంది. పిల్లలకు పెట్టి, భర్తకు క్యారేజీ కట్టి, తాను ఒక టీ త్రాగి ముఠాతో ఆటో ఎక్కుతుంది. ఆకలి చంపుకొనుటకు చేలో మరొక టీ. మధ్యాహ్నము పచ్చడి మెతుకులు. సాయంత్రము బడ్డీకొట్టు దగ్గర పునుగులో, బజ్జీలో. ఇంటికి వచ్చి మరల వంట. అందరూ తిన్న తరువాత రాత్రి తొమ్మిదిన్నరకు గిన్నెలో మిగిలిన అన్నమంతా తానొక్కతే తిని నడుము వాల్చుతుంది.

ఆమె ఒక పూట మానినది నిజమే. లెక్క మాత్రము తగ్గలేదు. గ్లాసుకు రెండు చెంచాల పంచదార చొప్పున ఐదు టీలంటే పది చెంచాలు, అనగా పాలు గాక 200 కేలరీలు. 15 గ్రాముల నూనె 135 కేలరీలు. 100 గ్రాముల బియ్యము సుమారు 350 కేలరీలు. మన వైపు కారము ఎక్కువ. కారము ఎక్కువైనకొద్దీ ముద్ద వెంట ముద్ద లోపలికి పోతుంది, పప్పు, కూర ప్రక్కన మిగిలిపోతాయి. పొద్దున మిగుల్చుకున్నది రాత్రికి వడ్డీతో సహా చెల్లిపోతున్నది. పప్పు, ఆకుకూర, గ్రుడ్డు అందని ఒంటికి రక్తము ఎక్కడ నుండి వస్తుంది?

పూట మానకూడనివారు

చక్కెర వ్యాధికి ఇన్సులిన్‌గాని, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలుగాని వాడేవారు డాక్టరును అడుగకుండా పూట మానరాదు. మందు వేసుకొని అన్నము మానితే రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్ళు తిరుగుట, మాట తడబడుట దాని గుర్తులు. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగించాలి. స్పృహ తప్పితే నోట ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఎండలో చేలో పనిచేసేవారికి ఈ ప్రమాదము మరింత ఎక్కువ. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, బలహీనులైన వృద్ధులు కూడా పూట మానవద్దు.

ఉపవాసము వేరు, పథ్యము వేరు

ఉపవాసము ప్రార్థన నిమిత్తము. దానిని తూకపు రాళ్ళతో కొలువనవసరము లేదు. నలభై దినములలో బరువు తగ్గనంత మాత్రాన ఆ సహోదరి ఉపవాసములో లోపము లేదు. పగలంతా ఉండి సాయంత్రము రెండింతలు తింటే బరువు తగ్గకపోవుట శరీర ధర్మము. రంజాన్ ఉపవాసములుండే మన పొరుగువారిపై జరిగిన పరిశోధనలలోనూ ఆ నెలలో తగ్గిన కొద్ది బరువు తరువాతి వారములలో తిరిగి వచ్చుచున్నట్లు కనబడినది. యెషయా గ్రంథము 58వ అధ్యాయము ఉపవాసమును ఆకలిగొన్నవారితో ఆహారము పంచుకొనుటతో ముడిపెట్టినది. మన ఇంటిలో చివర తినే స్త్రీ ఆకలిని కూడా అక్కడ జ్ఞాపకము చేసుకొనుట మంచిది.

ఇంటిలో చేయదగినవి

1. పొద్దున పనికి వెళ్ళేవారు కొద్దిగానైనా తిని వెళ్ళండి. మజ్జిగ కలిపిన చద్దన్నము, ఒక గ్రుడ్డు లేక గుప్పెడు ఉడికిన శనగలు చాలు.

2. రాత్రి భోజనము ఏడున్నరకు, ఎనిమిదికి ముగించ చూడండి. ఆ వేళకు వంట కావలెనంటే ఇంటిలోని పురుషులు, పిల్లలు చేయి కలపాలి.

3. కంచములో ముందు కూర, పప్పు వడ్డించుకొని తరువాత అన్నము పెట్టుకోండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారము మన శక్తిలో 45 శాతమునకు మించి ధాన్యముల నుండి రాకూడదు.

4. టీలు రెండుకు, పంచదార ఒక చెంచాకు తగ్గించండి. ఇంటి నూనె డబ్బా నెలకు ఎన్ని వస్తున్నదో లెక్క వ్రాయండి.

5. వారమునకు ఒక్కసారే తూకము చూచుకోండి. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గినా రక్తపోటుకు, చక్కెరకు మేలే.

6. ప్రేమ విందులలో కొసరి వడ్డించుట ఆపి, అడిగినంతే పెట్టండి.

వేళ పాటించి తక్కువ తినగలిగినవారు అలాగే పాటించండి. మూడు పూటలు కొంచెము కొంచెము తిని తగ్గగలిగినవారు ఆ దారినే నడవండి. ఏ దారిలోనైనా లెక్క దినమంతటి ఆహారముదే. ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక పని చేయవలెనని మా మనవి: రాత్రి భోజనమునకు అందరూ ఒకేసారి కూర్చోండి. వండిన తల్లిని, కోడలిని కూడా పిలిచి ప్రక్కన కూర్చోబెట్టుకొని, పప్పు, కూర ఆమె కంచములోనూ సమముగా వడ్డించి, అప్పుడు ప్రార్థన చేసి భుజించండి.