కణమును చదువు విద్య

మన పాఠశాల విడిచి విశ్వవిద్యాలయమున కేగు విద్యార్థి యెవడైనను “నేను కణజీవశాస్త్రమును, అణుజీవశాస్త్రమును చదివెదను” అని యింట చెప్పినచో, తలిదండ్రులు “వైద్యుడవు కాకుండ ఆ చదువెందులకు?” అని యడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటకే యీ వ్యాసము.

1665లో రాబర్ట్ హుక్ అను ఆంగ్లేయుడు బెండుముక్కను సూక్ష్మదర్శినితో జూచి, అందలి చిన్న గదులకు ‘సెల్’ అని పేరిడెను. దానినే మనము కణమందుము. కణము బ్రతుకు విధమును, పెరుగు విధమును, రెండుగా చీలు విధమును తెలుపునది కణజీవశాస్త్రము. కణమందలి అణువుల పనులను తెలుపునది అణుజీవశాస్త్రము. ఈ రెండును జంట విద్యలు.

ఒక దృష్టాంతము చూడుడు. మన మన్యప్రాంతములలో కొన్ని కుటుంబములయందు సికిల్ సెల్ వ్యాధి కలదు. గుండ్రని యెఱ్ఱ రక్తకణములు కొడవలివలె వంగి సన్నని రక్తనాళముల కడ్డుపడును. బిడ్డ నొప్పులతోను, రక్తహీనతతోను కృశించును. ఇది శాపమా? గ్రహదోషమా? రెండును గావు. రక్తమందలి హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసున 146 అమైనో ఆమ్లములు పూసలవలె గ్రుచ్చబడియున్నవి. ఆఱవ పూస గ్లుటామిక్ ఆమ్లము కావలసియుండగా, ఈ రోగులలో వాలీన్ ఉండును. డీఎన్ఏలో ఒక్క యక్షరము మారుటయే యిందులకు కారణము. ఇది అణువునందు పుట్టిన వ్యాధియని 1949లో లైనస్ పాలింగ్ బృందము చూపెను. పిమ్మట వెర్నన్ ఇంగ్రామ్ ఆ మార్పు ఎట్టిదో కనుగొనెను. తల్లియు తండ్రియు ఈ జన్యువును మోయువారైనచో, ప్రతి బిడ్డకును వ్యాధి వచ్చుటకు నాల్గింట నొక వంతు అవకాశము కలదు. ఇది యెఱిగిన యింట ఎవరును తల్లిని మాత్రమే నిందింపరు. వివాహమునకు ముందే రక్తపరీక్ష చేయించుకొందురు. వైద్యుడు రోగిని చూచును. ఆ వైద్యునికి దారి చూపు దీపమును వెలిగించునది ఈ విద్య.

ఈ చదువు సులభమని చెప్పను. పట్టమునకు మూడు లేక నాలుగేండ్లు, ఎమ్మెస్సీకి సాధారణముగా రెండేండ్లు, పరిశోధనకు మఱికొన్ని యేండ్లు పట్టును. జీవశాస్త్రమును కోరి వచ్చిన విద్యార్థి రసాయనశాస్త్రమును, గణితమును విడువరాదు. పీసీఆర్ అను పద్ధతిలో డీఎన్ఏ ప్రతి ఆవృత్తికిని రెట్టింపగును. ఒక్క ప్రతి ముప్పది ఆవృత్తులలో ఎన్ని యగునో లెక్కింపుడు: లెక్క ప్రకారము నూరు కోట్లకు మించును! వారము దినములు పెంచిన కణములు ఒక్క బూజుతునక పడి చెడిపోవచ్చును. అప్పుడు విసుగక, జరిగినది జరిగినట్లు తన పుస్తకమున వ్రాసి, మరల మొదలిడువాడే నిజమైన విద్యార్థి.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ పరీక్షను మూడవ పర్యాయమున గెలిచిరి. ఆయన సోదరు లిరువురు స్ప్రూ అను ప్రేగుల వ్యాధిచే మరణించిరి. ఆయన వైద్యవిద్య ముగించి, అమెరికాకేగి, హార్వర్డునందు సైరస్ ఫిస్క్‌తో గూడి కణములకు శక్తినిచ్చు ఏటీపీ అను పదార్థమును గూర్చి 1929లో ప్రకటించిరి. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. అది స్ప్రూ రోగులకు మందయ్యెను. తన సోదరులకు అందని మందు ఇతరుల సోదరులకు అందినది.

నేడు ఈ విద్యకై సముద్రము దాటనక్కరలేదు. హైదరాబాదున 1974లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయమునందు జీవశాస్త్రములు బోధింపబడుచున్నవి. ఆ నగరముననే 1977లో నెలకొల్పబడిన సీసీఎంబీలో పరిశోధన జరుగుచున్నది. కావున తలిదండ్రులారా, బిడ్డ ఈ విద్య కోరినచో వెంటనే కాదనకుడు. ఓర్పు కలదా యని మాత్రము అడుగుడు. బాలబాలికలారా, ఆ ఓర్పును నేటి రసాయన పాఠముతోనే అలవరచుకొనుడు.