చిన్న బడిలో చిన్న పెద్దలు

వరంగల్ జిల్లా గీసుగొండ మండలములోని గంగదేవిపల్లి పేరు విననివారు గ్రామాభివృద్ధి కార్యకర్తలలో అరుదు. 1982లోనే మద్యమును వెలివేసిన ఆ చిన్న గ్రామమునకు 2007లో నిర్మల్ గ్రామ పురస్కారము లభించినది. చూడవచ్చినవారు మొదట అచటి వీధులను, నీటి వసతిని చూచి మెచ్చుకొందురు. అయితే ముఖ్యముగా తెలిసికొనదగినది వేరొకటి గలదు. త్రాగునీరు మొదలుకొని అచట పనిపనికిని గ్రామస్థుల సంఘ మొకటి యుండును. భారమంతయు సర్పంచిపై వేసి ఊరివారు అరుగులపై కూర్చుండు పద్ధతి అచట లేదు.

సంఘములో కూర్చుండి మాటాడుట, ఎదుటివారి మాట వినుట, ఒప్పుకొన్న పనికి లెక్క చెప్పుట, పదిమంది కాదన్నప్పుడు తగ్గుట – ఇవి పదునెనిమిదవ యేట ఓటు హక్కుతోబాటు ఊడిపడునవి కావు. వీనిని ఎచ్చటనో నేర్చుకొనవలెను. ఊరి ప్రాథమిక పాఠశాలకంటె అందులకు తగిన చోటు మరియొకటి లేదని మా అభిప్రాయము.

పాఠశాలలలో బాలల మంత్రివర్గములను గూర్చి పాఠకులు వినియేయుందురు. 2014లో ప్రారంభమైన స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమము కూడ వీనిని ప్రోత్సహించినది. పరిశుభ్రతకు ఒకరు, మధ్యాహ్న భోజనమునకు ఒకరు, గ్రంథాలయమునకు ఒకరు, ఆటలకు ఒకరు, తోటకు ఒకరు – ఈ విధముగా బాధ్యతలను పంచుకొందురు. భోజనమునకు ముందు అందరును సబ్బుతో చేతులు కడుగుకొనిరా, నీటి తొట్టిపై మూత యున్నదా, ఇంటికి తీసికొనిపోయిన కథల పుస్తకము తిరిగి వచ్చినదా అని చూచుట పదేండ్ల పిల్లకు మించిన పని కాదు. పేరు గోడమీద వ్రాసి, పని ఇవ్వకుండుటయే లోపము. కొన్నిచోట్ల మంత్రుల జాబితా రంగులలో మెరయుచుండును. ఆ మంత్రి చేయవలసిన పని యేమని అడిగినచో పిల్లవాడు ఉపాధ్యాయుని ముఖము చూచును.

మరియొక లోపము ఇంతకంటె పాతది. తరగతిలో గట్టి పిల్లవానిని పిలిచి, చేతికి బెత్తమిచ్చి, అల్లరిచేయువారి పేర్లు పలకమీద వ్రాయుమనుట మన బడులలో అలవాటు. వానిని మానిటరు అనిరి. వాడు నేర్చుకొన్నది అధికారమేగాని నాయకత్వము కాదు. తక్కినవారు నేర్చుకొన్నది భయము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగములో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించినది. ఉపాధ్యాయుడు ఎత్తరాని బెత్తమును పిల్లవానిచేత ఎత్తించుట ఎట్లు తగును?

నిజమునకు, పిల్లలు పిల్లలకు బాధ్యత వహించు పద్ధతిని మనవారు ఏనాడో ఎరుగుదురు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ తన జిల్లాలోని వీధిబడులను గూర్చి మద్రాసు రెవిన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపెను. నేటి అనంతపురము ప్రాంతము కూడ ఆనాడు ఆ జిల్లాలోనిదే. ఈయన తెలుగునకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిన ఆ కాంబెలే. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పుచు తమ చదువును గట్టిపరచుకొనుచున్నారనియు, ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించుట సమంజసమే యనియు ఆయన మెచ్చుకొనెను. ఇంగ్లండునకు దానిని కొనిపోయినవాడు ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు. మద్రాసు అనాథ బాలుర ఆశ్రమమును నడుపుచు, వీధిబడిలో పిల్లలు ఇసుకపై అక్షరములు దిద్దుట చూచి, తన బడిలో ఎనిమిదేండ్ల బాలునిచే చిన్న తరగతికి అక్షరములు చెప్పించెను. 1797లో ఆయన పుస్తకము వెలువడిన పిదప అది మద్రాసు పద్ధతి యను పేరుతో ప్రసిద్ధి కెక్కినది.

అయితే తరువాతి కథయు చెప్పవలెను. కొలది ఖర్చుతో వందలమందిని చదివించు ఉపాయముగా దానిని వాడుకొనుటచే, ఉపాధ్యాయుల స్థానములో పిల్లలు మిగిలి, చదువు వల్లెవేతగా మారినది. కాలక్రమమున ఆ పద్ధతిని వదలివేసిరి. ఇద్దరు ఉపాధ్యాయులతో ఐదు తరగతులు నడుచు మన పల్లెబడులకు ఈ సంగతి పట్టును. ఒక ఉపాధ్యాయుడు మండల కేంద్రములో సమావేశమునకు పోయిన దినమున ఐదవ తరగతి పిల్ల ఒకటవ తరగతివారికి కథ చదివి వినిపించుట మంచిదే. ప్రతిదినము ఆమెయే ఒకటవ తరగతిని మోయుట మంచిది కాదు. ఆమెకును చదువవలసిన పాఠములున్నవి.

దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున కూడ ఇట్టి చిన్న బడులే యధికము. అచట 1970ల దశకములో ఆరంభమైన ఎస్క్యూలా న్యూవా, అనగా కొత్త బడి, విధానములో విద్యార్థులు ఎన్నుకొనిన ప్రభుత్వము పాఠశాలలో ఒక భాగము. రాజస్థాన్‌లోని తిలోనియాలో, పగలు మేకలు కాచుకొను పిల్లలకై నడుపు రాత్రిబడులలో పిల్లల పార్లమెంటును ఏర్పరచి, బడి ఎట్లు నడుచుచున్నదో చూచు పనిని వారికే అప్పగించిరి. రెండుచోట్లను పిల్లల మాటకు పెద్దలు బదులు చెప్పవలెను. అందులకే ఆ పదవులకు విలువ కలిగినది.

ఇక మన యూళ్లలో చాల జాగ్రత్తపడవలసిన విషయమును చెప్పెదము. పనులు పంచునప్పుడు ఏ పిల్లకు ఏ పని వచ్చుచున్నదో చూడుడు. చీపురు ఎల్లప్పుడు బాలికల చేతికే వచ్చుచున్నచో, నీళ్లకుండ వద్దకు కొందరు పిల్లలను మాత్రమే పంపుచున్నచో, పెద్ద మంత్రి పదవి పెద్దింటి పిల్లవానికే పోవుచున్నచో, ఆ బడి ఊరిలోని పాత తరతమములనే పిల్లలకు నేర్పుచున్నదన్నమాట. వంతుల పట్టికను గోడకు అంటించి, హాజరుపట్టీలోని వరుసను బట్టి పనులు తిప్పవలెను. ఊడ్చు వంతు బాలురకును, వడ్డన చూచు వంతు ప్రతి యింటి పిల్లకును రావలెను. మరుగుదొడ్లు కడుగుట మాత్రము ఏ పిల్లకును అప్పగింపరాదు. అవి కడిగినారా, సబ్బు ఉన్నదా యని చూచి చెప్పుట వరకే వారి పని.

ఎన్నిక జరుపుట కష్టము కాదు. అక్షరములు రాని చిన్నవారికి చింతగింజలు చాలును. అభ్యర్థి కొక ముంత పెట్టి, తెరచాటున ఒక్కొక్కరిని పంపినచో వారే వేసి వత్తురు. ఏడాదికంతకు ఒకరినే ఉంచక, రెండు నెలలకొకసారి మార్చినచో వెనుక బల్ల పిల్లవానికిని అవకాశము వచ్చును. వాడు తడబడును, పుస్తకముల లెక్క తప్పును. తప్పనిండు.

వరంగల్ ప్రాంతమున పత్తి ఏరు దినములలో బడి బల్లలు ఖాళీయగుట అందరును ఎరిగినదే. హాజరు చూచు పిల్ల ఒకతె, తన స్నేహితురాలు నాలుగు దినములనుండి వచ్చుట లేదని అందరికంటె ముందు కనిపెట్టగలదు. ఆ మాటను ఉపాధ్యాయునికి, పాఠశాల యాజమాన్య కమిటీకి చేర్చుట ఆమె పని. ఆ యింటికి పోయి తల్లిదండ్రులతో మాటాడుట పెద్దల పని. పిల్లను చేనుగట్టున నిలిపి పెద్దలతో వాదింపజేయుట నాయకత్వము కాదు, క్రూరత్వము.

“మా పిల్లను పంపినది చదువుకా, పెత్తనమునకా?” యని అడుగు తల్లిదండ్రులు ఉందురు. వారి ప్రశ్న న్యాయమైనదే. దినమునకు పావుగంటకు మించి ఈ పనులు పట్టరాదు. పుస్తకముల జాబితా వ్రాయుట, భోజనముచేసినవారి సంఖ్య కూడుట భాషకును గణితమునకును అభ్యాసమేయని ఉపాధ్యాయుడు వారిని పిలిచి చూపవలెను. కమిటీ సభ్యులలో నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెనని చట్టము చెప్పుచున్నది గనుక, వారు వచ్చి చూచుటకు ఒకరి అనుమతితో పనిలేదు.

బాలల మాట వినవలెనను ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశము 1992లోనే అంగీకరించినది. పల్లెలో దాని అర్థము చాల చిన్నది. జూన్‌లో బడి తెరచిన పిదప పిల్లలు తమ నాయకులను ఎన్నుకొన్న ఊళ్లలో, మొదటి సమావేశమునకు సర్పంచిగారు పోయి ఒక గంట కూర్చుండవలెను. నీటి బాధ్యత గల పిల్ల లేచి, బడి కుళాయి పది దినములనుండి కారుచున్నదని చెప్పినప్పుడు, చూతములే యని లేచిపోక, అది ఎప్పుడు బాగగునో తేదీ చెప్పి, ఆమె పుస్తకములో ఆ తేదీ క్రింద సంతకముచేసి రావలెను.